ఫిర్యాదు వినేదెవరు?

2019 సెప్టెంబరు 6. చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద దిగడానికి ఇంకా కొన్ని గంటల సమయముంది. దేశమంతా ఇస్రో వైపు చూస్తున్న ఆ రోజు రిపబ్లిక్ భారత్ చానల్‌లో ‘పూఛ్‌తా హై భారత్’ అనే చర్చా కార్యక్రమం ప్రసారమైంది. అంతరిక్ష పరిశోధన పేరిట మొదలైన ఆ చర్చ కాసేపటికే పాకిస్థాన్ వైపు మళ్లింది. అక్కడి ప్రభుత్వాన్నో సైన్యాన్నో కాదు, శాస్త్రవేత్తలు, వైద్యులు, క్రీడాకారులు అన్న తేడా లేకుండా మొత్తం ప్రజలనే ఉగ్రవాదులుగా చిత్రించే స్థాయికి వెళ్లింది. మన తెరలకు ఇదేమీ కొత్త కాదు. మర్నాటికి మనం మరిచిపోయాం.

మరిచిపోనిది బ్రిటన్‌లోని ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్. ఆ చానల్ అక్కడా ప్రసారమవుతుంది కాబట్టి, బ్రిటన్‌లో దాని లైసెన్సు పొందిన కంపెనీ నుంచి సంజాయిషీ కోరింది. కార్యక్రమాన్ని అనువదించుకుని, ఎవరు ఏమన్నారో వాక్యం వెంట వాక్యం నమోదు చేసి, అది ద్వేష ప్రసంగమేనని తేల్చింది. 2020 డిసెంబరులో 20,000 పౌండ్ల జరిమానా విధించింది. ఆ కార్యక్రమాన్ని మళ్లీ ప్రసారం చేయవద్దనీ, తమ నిర్ణయాన్ని అదే చానల్‌లో ప్రేక్షకులకు తెలియజేయాలనీ ఆదేశించింది. భారతదేశంలో తయారై, ప్రధానంగా భారతీయులే చూసిన ఒక కార్యక్రమం ప్రమాణాల మీద కారణాలతో కూడిన నిర్ణయం చదవాలంటే లండన్ వైపు చూడాల్సి వచ్చింది.

బ్రిటిష్ వారిని పొగడటం నా ఉద్దేశం కాదు. ఒక పౌరుడు టీవీలో వచ్చిన దానిపై ఫిర్యాదు చేస్తే దాన్ని ఎవరు వింటారు, దేని ప్రకారం తేలుస్తారు, తేల్చాక ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు మన దేశంలో స్థిరమైన జవాబు లేదన్నదే నా వాదన. ఫిర్యాదు ఎంత న్యాయమైనదన్న దాన్ని బట్టి ఇక్కడ ఫలితం ఉండదు. ఫిర్యాదు చేసినవాడు ఎవరు, చానల్ ఏ పక్షానిది, ఢిల్లీలోనూ రాష్ట్రంలోనూ అధికారంలో ఎవరున్నారు అన్న దాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా సక్రమమైన దారి చూద్దాం. వార్తా చానళ్ల సంఘం 2008లో ఒక ప్రమాణాల సంస్థను ఏర్పాటు చేసుకుంది. మొదటి అధ్యక్షుడు జస్టిస్ జె.ఎస్.వర్మ. ఇప్పుడు దాని పేరు న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ అండ్ డిజిటల్ స్టాండర్డ్స్ అథారిటీ. ఈ రంగంలో అందరూ ఎన్‌బీడీఎస్‌ఏ అంటారు. విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షుడు, నలుగురు సంపాదకులు, నలుగురు ప్రముఖులు సభ్యులు. ఫిర్యాదుదారు మొదట చానల్‌కే రాయాలి, అదీ ప్రసారమైన ఏడు రోజుల్లోగా. చానల్ జవాబు తృప్తినివ్వకపోతే అప్పుడు అథారిటీ దగ్గరికి వెళ్లాలి. ఈ ఏడు రోజుల గడువు తెలియక మొదటి మెట్టు మీదే ఆగిపోయిన ఫిర్యాదులు ఎన్నో. పైగా తన మీద వచ్చిన వార్తతో తల్లడిల్లుతున్న మనిషికి మొదటి వారంలో లాయరో, బంధువులో గుర్తొస్తారు గానీ నిబంధనల పుస్తకం గుర్తు రాదు.

ఈ సంస్థ ఉత్తర్వులు చదవడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. న్యాయంగా ఒక మాట చెప్పాలి: అవి చాలావరకు మంచి ఉత్తర్వులు. యాంకర్ అడిగిన ప్రశ్నలో ముందే తీర్పు ఉందా, తెర కింద నడిచే అక్షరాలు వార్తకు సరిపోయాయా, చర్చలో ఒక అతిథి హద్దు దాటినప్పుడు యాంకర్ ఆపారా, ఇలా వృత్తికి సంబంధించిన ప్రశ్నలనే వేస్తాయి. జర్నలిజం తరగతుల్లో పాఠంగా చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. చిక్కంతా ఉత్తర్వు రాశాక మొదలవుతుంది. ఒక్కోసారి రాయడానికి పట్టే కాలంలోనే మొదలవుతుంది.

శాస్త్రవేత్త, ఉర్దూ కవి గౌహర్ రజా ఉదంతమే తీసుకోండి. 2016 మార్చిలో ఢిల్లీలో జరిగిన ఒక ముషాయిరాలో ఆయన కవిత చదివారు. జీ న్యూస్ ఆ సభను అఫ్జల్ గురు అభిమానుల ముషాయిరాగా చూపించింది. జేఎన్‌యూ వివాదం రగులుతున్న రోజులవి. ఆ ముద్ర పడితే మనిషి వీధిలో నడవడమే కష్టం. రజా ఫిర్యాదు చేశారు. 2017 ఆగస్టు చివర్లో లక్ష రూపాయల జరిమానా, తెర మీద క్షమాపణ చెప్పాలన్న ఉత్తర్వు వచ్చాయి. చానల్ పునఃపరిశీలన కోరింది. అది తిరస్కరణకు గురై, క్షమాపణ తేదీ 2018 ఫిబ్రవరికి చేరింది. కవి గెలిచాడు, దాదాపు రెండేళ్లకు. ఆయన పేరున్న మనిషి, అండగా నిలిచిన సాహితీవేత్తలు, కళాకారులు ఉన్నారు. అవేవీ లేని మనిషి రెండేళ్లు నిలబడగలడా?

తబ్లీగీ జమాత్ సంగతి ఇంకా బాధాకరం. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో కరోనాను ఒక మతం వాళ్లు పనిగట్టుకుని వ్యాపింపజేస్తున్నారన్న ధోరణిలో దేశమంతటా చానళ్లు గంటల కొద్దీ ప్రసారం చేశాయి. కూరగాయల బండి తోసుకునే ముస్లింలను వీధుల్లోకి రానివ్వని రోజులు మనకు గుర్తున్నాయి. 2020 ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ సభ్యులపై ఎఫ్‌ఐఆర్‌లు కొట్టివేస్తూ మీడియా ప్రచారాన్ని తప్పుపట్టింది. డిసెంబరులో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. ప్రమాణాల సంస్థ ఉత్తర్వు వచ్చింది మాత్రం 2021 జూన్‌లో: న్యూస్18 కన్నడకు లక్ష, సువర్ణ న్యూస్‌కు 50,000 రూపాయల జరిమానా, టైమ్స్ నౌకు అభిశంసన. ఉత్తర్వులో తప్పు లేదు. కానీ అప్పటికి రెండో వేవ్ కూడా వచ్చి తగ్గుముఖం పట్టింది. బండి మీద బతికే మనిషికి 14 నెలల తరువాత వచ్చే ఉత్తర్వు వల్ల ఒరిగేదేమిటి?

ఇక శిక్ష. లక్ష రూపాయలనేది 2008 నాటి అంకె. జాతీయ చానల్‌లో ప్రైమ్ టైమ్ చర్చకు వచ్చే ప్రకటనల రాబడితో పోలిస్తే అది ఖర్చుల పద్దులో కనిపించను కూడా కనిపించదు. 2023 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం కూడా ఇదే అడిగింది: ఈ మొత్తం ఎవరిని భయపెడుతుంది, జరిమానా ఆ కార్యక్రమం మీద వచ్చిన రాబడికి తగినట్టు ఉండొద్దా అని. ఆ తరువాత ఆరు నెలలకు, 2024 ఫిబ్రవరి చివర్లో, మతాంతర సంబంధాలన్నింటినీ ‘లవ్ జిహాద్’గా చూపిన కార్యక్రమాల మీద టైమ్స్ నౌ నవభారత్‌కు లక్ష, న్యూస్18 ఇండియాకు 50,000 వేశారు. ఆజ్ తక్‌ను మరో కార్యక్రమం విషయంలో హెచ్చరించారు. వీటిలో ఒక ఉత్తర్వు 2022 నవంబరులో వెలుగుచూసిన ఒక యువతి హత్యపై ప్రసారమైన కార్యక్రమాల గురించి. వెబ్‌సైట్ల నుంచి, యూట్యూబ్ నుంచి ఆ వీడియోలు తొలగించాలని ఆదేశించారు. చూడాల్సినవాళ్లంతా అప్పటికే చూశారు.

ఇష్టం లేని చానల్ ఈ సంఘం నుంచి బయటికి నడిచిపోవచ్చు కూడా. 2009లో లక్ష రూపాయల జరిమానా పడినప్పుడు ఇండియా టీవీ చేసింది అదే. తరువాత తిరిగి వచ్చింది. 2019లో రిపబ్లిక్ ముందుండి న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ ఫెడరేషన్ అనే మరో సంఘం పుట్టింది. దానికి సొంత ప్రమాణాల సంస్థ ఉంది. రెండు సంఘాలూ 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో ఎదురెదురుగా నిలబడ్డాయి. మేం ప్రభుత్వ నిబంధనల కింద నమోదయ్యాం, వాళ్లు కాలేదని ఒకరు. నమోదైతే పైన ప్రభుత్వం కూర్చుంటుంది కదా అని మరొకరు. తనను విచారించే న్యాయస్థానాన్ని తానే ఎంచుకునే వెసులుబాటు ఈ దేశంలో ఇంకే నిందితుడికీ లేదు.

ఈ లోపాలన్నీ చూపించినప్పుడు వెంటనే వచ్చే మాట ఒకటుంది: అయితే ప్రభుత్వమే తేల్చాలి. ఆ ముచ్చటా ఉంది మనకు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం కింద కార్యక్రమ నియమావళి ఉంది. దాన్ని ఉల్లంఘిస్తే ప్రసారాన్ని ఆపే అధికారం 20వ సెక్షన్ కేంద్రానికి ఇస్తుంది. ప్రభుత్వం చేసిన ప్రతి పనీ తప్పని నేననను. 2007లో లైవ్ ఇండియా చానల్ ఢిల్లీలో ఒక ఉపాధ్యాయురాలిపై బూటకపు స్టింగ్ ప్రసారం చేసింది. ఆమె మీద జనం దాడికి దిగారు. మంత్రిత్వశాఖ ఆ చానల్‌ను నెల రోజులు ఆపేసింది. ఆ రోజు తప్పు స్పష్టం, బాధితురాలు కళ్లెదుట ఉంది.

కానీ 2020ని చూడండి. ఆ ఒక్క ఏడాదిలో ఇదే మంత్రిత్వశాఖ, ఇదే నియమావళి కింద రెండు నిర్ణయాలు చేసింది. ఫిబ్రవరి చివర్లో ఢిల్లీ అల్లర్లు జరిగాయి. వాటి వార్తల ప్రసారం మీద మలయాళ చానళ్లు ఏషియానెట్ న్యూస్, మీడియా వన్ మార్చి 6 రాత్రి నుంచి 48 గంటల పాటు ఆగిపోవాలని ఉత్తర్వు వచ్చింది. మీడియా వన్‌పై ఉత్తర్వులో చూపిన కారణాల్లో ఒకటి, ఆ చానల్ ఢిల్లీ పోలీసులను, ఆరెస్సెస్‌ను విమర్శిస్తున్నట్టు కనిపిస్తోందట. నిరసనలు రావడంతో గంటల వ్యవధిలో నిషేధం ఎత్తేశారు. ఎత్తేసినంత మాత్రాన ఆ కారణం రాసిన కాగితం మాయం కాదు. పోలీసులను విమర్శించడం ఏ నియమావళి ప్రకారం నేరం?

అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో సుదర్శన్ న్యూస్ ‘యూపీఎస్సీ జిహాద్’ అంటూ ఒక ధారావాహిక ప్రకటించింది. సివిల్ సర్వీసెస్ పరీక్షలో నెగ్గిన ముస్లిం యువతీయువకులంతా ఒక కుట్రలో భాగమన్నది దాని సారాంశం. మంత్రిత్వశాఖ నియమావళికి లోబడి ఉండమని చెప్పి ప్రసారానికి దారి వదిలింది. నాలుగు భాగాలు ప్రసారమయ్యాయి. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మిగతా భాగాలను ఆపింది. కోర్టులో ఇబ్బంది ఎదురయ్యాక షోకాజ్ నోటీసు ఇచ్చారు. నవంబరులో మంత్రిత్వశాఖ ఆ కార్యక్రమం అభిరుచి రీత్యా సరిగా లేదనీ, అభ్యంతరకరమనీ, మతవిద్వేష ధోరణులను పెంచే అవకాశముందనీ తానే నిర్ధారించింది. నిర్ధారించి వేసిన శిక్ష: ఇకముందు జాగ్రత్తగా ఉండండి అని ఒక మందలింపు.

పోలీసులను విమర్శించినవారికి 48 గంటల చీకటి. ఒక మతం పిల్లల చదువునే కుట్ర అన్నవారికి జాగ్రత్త చెప్పడం. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇది బీజేపీ ప్రభుత్వానికే పరిమితమైన జబ్బు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిషేధించే అధికారాన్ని మంత్రి చేతిలో పెట్టిన చట్టం 1995 నాటిది. 2007లో ఏఎక్స్ఎన్‌ను, ఎఫ్‌టీవీని రెండేసి నెలలు ఆపింది యూపీఏ ప్రభుత్వం. ఎన్డీటీవీ ఇండియాను పఠాన్‌కోట్ దాడి వార్తల మీద ఒక రోజు ఆపాలని 2016 నవంబరులో ఉత్తర్వు ఇచ్చి, గొడవ కాగానే పక్కన పెట్టింది ఎన్డీయే ప్రభుత్వం. చేతులు మారాయి, బెత్తం అదే.

2021 జూన్ 17న వచ్చిన సవరణ నిబంధనలు దీనికి మూడంచెల రూపం ఇచ్చాయి. మొదటి అంచె చానల్: ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. రెండో అంచె స్వీయ నియంత్రణ సంస్థ: అప్పీలుకు 60 రోజులు. మూడో అంచె కేంద్రం వేసే అంతర్ శాఖల కమిటీ. గడువులు పెట్టడం మంచిదే. కానీ పై అంచెలో కూర్చునేది ప్రభుత్వ అధికారులు. ప్రభుత్వాన్ని విమర్శించిన కార్యక్రమం మీద ఫిర్యాదు వచ్చినప్పుడు చివరి మాట ఆ ప్రభుత్వానిదే. ఈ నిబంధనల వెనుక కామన్ కాజ్ సంస్థ 2000లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఉంది. కోర్టు 2017లో దాన్ని ముగిస్తూ ఇచ్చిన సలహాను ప్రస్తావిస్తూనే ఈ నిబంధనలు వచ్చాయి. పిటిషన్ పడిన నాడు పుట్టిన బిడ్డ నిబంధనలు వచ్చేనాటికి ఓటరు అయిపోయాడు.

ఇక మన ఇంటి సంగతి. ఢిల్లీలో ఉత్తర్వు అనే కాగితమైనా పుడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో అదీ అక్కర్లేదు. కేబుల్ కంట్రోల్ రూములో ఒక మీట నొక్కితే చాలు. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొద్ది రోజులకే, కొత్త శాసనసభ్యులను ఎగతాళి చేస్తూ టీవీ9 ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. అది వెకిలిగానే ఉంది. దశాబ్దాల పాటు యాస మీద, వేషం మీద వెక్కిరింపులు భరించిన ప్రాంతం రాష్ట్రమైన కొద్ది రోజుల్లోనే మళ్లీ అదే వెక్కిరింపు చూస్తే మండిపడటంలో ఆశ్చర్యం లేదు. అది నికార్సయిన ఫిర్యాదు. దాన్ని ఎవరైనా విని, చానల్ జవాబు తీసుకుని, తప్పయితే తప్పని రాసి, అదే తెర మీద క్షమాపణ చెప్పించి ఉంటే తెలంగాణ ప్రేక్షకుడికి గౌరవంగా ఉండేది. జరిగిందేమిటి? కేబుల్ ఆపరేటర్లు టీవీ9తో పాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతినీ ఆపేశారు. ప్రభుత్వం మాకు సంబంధం లేదంది. వెకిలి కార్యక్రమం సంగతి పక్కకు పోయి, పత్రికా స్వేచ్ఛ సంగతి ముందుకొచ్చింది. తప్పు చేసిన చానల్ బాధితురాలైంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇది అయిదేళ్లకోసారి వచ్చే పండుగలా తయారైంది. 2019లో వైఎస్సార్సీపీ అధికారంలోకి వచ్చాక ఏబీఎన్, టీవీ5 మాయమయ్యాయి. టెలికాం వివాదాల ట్రిబ్యునల్ గడప తొక్కాయి. 2024 జూన్‌లో తెలుగుదేశం కూటమి గెలిచాక టీవీ9, సాక్షి, ఎన్టీవీ, 10టీవీ కనిపించకుండా పోయాయి. టీవీ9 ప్రసారాలను పునరుద్ధరించాలని కేబుల్ ఆపరేటర్లను ఢిల్లీ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. రెండుసార్లూ అధికార పక్షం చెప్పిన మాట ఒక్కటే: మేం చెప్పలేదు. రెండుసార్లూ చప్పట్లు కొట్టిన వాళ్లు వేరు, అంతే.

2025 జూన్‌లో మరో మెట్టు దిగాం. సాక్షి టీవీ చర్చలో ఒక వ్యాఖ్యాత అమరావతి గురించి మాట్లాడుతూ అక్కడి మహిళలను అవమానించే మాట అన్నారు. అది నీచమైన మాట. రాజధాని కోసం పొలాలిచ్చి, ఏళ్ల తరబడి దీక్షా శిబిరాల్లో కూర్చున్న ఆడవాళ్లకు అది ఎక్కడ తగిలిందో వాళ్లను కలిసిన ఎవరికైనా తెలుస్తుంది. వాళ్ల ఫిర్యాదు సారాంశం సరిగ్గా ప్రసార ప్రమాణాలకు సంబంధించినది: అతిథి ఆ మాట అంటున్నప్పుడు యాంకర్ ఏం చేయాలి, వెంటనే ఖండించాలా, చర్చ ఆపాలా, చానల్ ఎప్పుడు, ఏ మాటల్లో క్షమాపణ చెప్పాలి? ఈ ప్రశ్నల్లో ఒక్కటీ ఎవరూ తేల్చలేదు. పోలీసులు వచ్చారు. చర్చ నిర్వహించిన సీనియర్ పాత్రికేయుడు కొమ్మినేని శ్రీనివాసరావును జూన్ 9న హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. జూన్ 13న సుప్రీంకోర్టు ఆయన విడుదలకు ఆదేశించింది. ఆ క్షణంలో ఒక వర్గానికి అది విజయం, మరో వర్గానికి పరాభవం. అమరావతి మహిళ మాత్రం ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే మిగిలింది. ఆమెకు కావలసింది ఎవరినో జైల్లో చూడటమా, లేక తన గురించి అన్నది తప్పని అదే తెర మీద వినడమా? ఆ రెండోది ఇప్పించగల సంస్థ మనకు లేదు కాబట్టి మొదటిదాన్నే న్యాయమనుకోమంటున్నాం.

రేడియో గురించి ఎవరూ మాట్లాడరు. ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు చెప్పే హక్కే లేదు. ఆకాశవాణి బులెటిన్లను మక్కీకి మక్కీగా వినిపించవచ్చు, అంతే. వాళ్లు పాటించాల్సింది ఆకాశవాణి నియమావళి, తప్పు చేస్తే అడగాల్సింది మంత్రిత్వశాఖ. 2021 మూడంచెలు కేబుల్ చట్టం కిందివి కాబట్టి రేడియో శ్రోతకు అవీ వర్తించవు. వార్తలు లేవు కాబట్టి వివాదాలూ లేవని సర్దుకుపోయాం.

అసలు చిత్రం ఆకాశవాణి, దూరదర్శన్ దగ్గర ఉంది. ఫిర్యాదు వినే స్వతంత్ర సంస్థ ఎలా ఉండాలో మన పార్లమెంటు ఎప్పుడో రాసిపెట్టింది. 1990 నాటి ప్రసార భారతి చట్టంలో 14, 15 సెక్షన్లు చదవండి. ప్రసార మండలి అనే ఒక సంస్థ ఉండాలి. రాష్ట్రపతి నియమించే అధ్యక్షుడు, పది మంది ప్రముఖులు, లోక్‌సభ స్పీకర్, రాజ్యసభ ఛైర్మన్ నామినేట్ చేసే నలుగురు ఎంపీలు. ఒక కార్యక్రమం సంస్థ లక్ష్యాలకు విరుద్ధంగా ఉందని ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. తనకు అన్యాయం జరిగిందనీ, తన ఏకాంతంలోకి చొరబడ్డారనీ, తన మాటను వక్రీకరించారనీ ఏ వ్యక్తి అయినా ఫిర్యాదు చేయవచ్చు. మండలి సిఫార్సు నచ్చకపోతే దాన్ని పాలకమండలి ముందు పెట్టాలి. చట్టం 1997 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. మండలిని వీలైనంత త్వరగా నెలకొల్పాలని అందులో ఉంది. అది ఏర్పడలేదు. వాజపేయి, మన్మోహన్, మోదీ ప్రభుత్వాల్లో ఒక్కదానికీ ఆ వీలు చిక్కలేదు. దూరదర్శన్‌లో ప్రతిపక్షానికి చోటు దక్కలేదని ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వాపోయిన ప్రతి పార్టీ అధికారంలోకి రాగానే ఆ సెక్షన్‌ను మరిచిపోయింది.

దీనికి రెండేళ్ల ముందు, 1995 ఫిబ్రవరిలో, బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి. ప్రభుత్వానివీ కావు, వ్యాపారులవీ కావు. వాటిని నియంత్రించాల్సింది స్వతంత్ర ప్రజాసంస్థ అని ఆ తీర్పు చెప్పింది. అందులో విడిగా, విస్తారంగా రాసిన న్యాయమూర్తి మన తెలుగువాడు, జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. ఆయన ఆందోళన రెండు వైపులా ఉంది. ప్రసారం ప్రభుత్వం గుప్పిట్లో ఉంటే ఎంత ప్రమాదమో, డబ్బున్న కొద్దిమంది చేతుల్లో పడినా అంతే ప్రమాదమని ఆయన భావించారు. మూడు దశాబ్దాల తరువాత చూస్తే రెండూ ఒకేసారి జరిగాయి.

చట్టబద్ధమైన సంస్థ అనగానే అది పాలకుల చేతి కర్ర అవుతుందని మిత్రులు హెచ్చరిస్తారు. ఆ భయం నిజమైనదే. పొరుగున పాకిస్థాన్‌ను చూడండి. అక్కడ 2002 నుంచి పెమ్రా అనే చట్టబద్ధ సంస్థ ఉంది, దాని కింద ఫిర్యాదుల మండళ్లు కూడా ఉన్నాయి. కాగితం మీద మనకంటే నయం. కానీ 2014లో పాత్రికేయుడు హమీద్ మీర్‌పై కాల్పుల తరువాత జియో న్యూస్ ఐఎస్ఐ అధిపతి మీద ఆరోపణ ప్రసారం చేస్తే, పెమ్రా ఆ చానల్‌ను 15 రోజులు ఆపి, కోటి రూపాయల జరిమానా వేసింది. సంస్థ ఉండటం ఒక్కటే చాలదని, అక్కడ కూర్చునేవారిని ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగించగలరు అన్నదే కీలకమని ఆ అనుభవం చెబుతుంది. 2023 నవంబరులో మన కేంద్రం ముందుకు తెచ్చిన ప్రసార సేవల బిల్లు ముసాయిదా సరిగ్గా ఆ పరీక్షలోనే తప్పింది. సలహా మండలి అన్నారు గానీ దాన్ని నియమించేది కేంద్రమే. యూట్యూబ్‌లో మాట్లాడే వ్యక్తులను కూడా దాని పరిధిలోకి తెస్తారన్న ఆందోళన రేగాక, 2024 ఆగస్టులో సవరించిన ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు.

కాబట్టి నేను కోరేది కొత్త నిషేధాధికారం కాదు. ఉన్న నిషేధాధికారాన్ని మంత్రిత్వశాఖ నుంచి తీసేయడం. చానల్‌ను ఆపడమన్నది కోర్టు చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ ఉండకూడదు. ఫిర్యాదు వినే సంస్థకు కావలసినవి వేరు. సభ్యులను ఎంపిక చేసేది ప్రధాని ఒక్కరి చేయి కాకూడదు. ప్రతిపక్ష నేత, న్యాయవ్యవస్థ అందులో ఉండాలి. ఏ సంఘంలో ఉన్నా లేకున్నా లైసెన్సు ఉన్న ప్రతి చానల్, ప్రతి రేడియో దాని పరిధిలోకి రావాలి. క్షమాపణ తప్పు జరిగిన సమయంలోనే, అదే యాంకర్ నోటి నుంచి రావాలి. తెల్లవారుజామున అడుగున పరుగెత్తే అక్షరాల్లో కాదు. జరిమానా కంటే చానళ్లు ఎక్కువగా భయపడేది దానికేనని ఇరవై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నవాడిగా నాకు తెలుసు. గౌహర్ రజా ఉదంతంలో లక్ష రూపాయల మీద అంత పెనుగులాట ఉండేదా? పెనుగులాట క్షమాపణ మీదే.

ఇవేవీ రేపే జరిగేవి కావు. ఈలోగా మీలో ఎవరికైనా ఏదైనా ప్రసారం మీద ఫిర్యాదు చేయాలనిపిస్తే చానల్ పేరు, కార్యక్రమం పేరు, తేదీ, సమయం ఆ పూటే రాసిపెట్టుకోండి. వీడియో లింకు భద్రపరచండి, వీలైతే వీడియోనే దించుకోండి. రెండో రోజుకే మాయమైనవి నేను చూశాను. కోపాన్ని కాకుండా, ఏ మాట నియమావళిలోని ఏ అంశానికి విరుద్ధమో రాయండి. ముందు చానల్‌కు పంపండి, పంపినట్టు ఆధారం ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, గడువు ఏడు రోజులు.